నాలుగు మీటర్ల లోతులో నడుము దాకా

(స్వెన్‌బోర్ రేవు మందిరంలో జరిగిన తోర్కిల్ హౌగార్డ్ గారి పదవీ విరమణ సభలో కొలత పడవ సరంగు బోదిల్ చేసిన ప్రసంగం)

ఈ సభకు పెద్దగా కూర్చున్న డైరెక్టరు వీబెకె గారికి, ఆవిడ పక్కనే కూర్చుని అప్పుడే రుమాలు తీసి చేతిలో పెట్టుకున్న ఇంగెలీసె గారికి, కోపెన్‌హాగన్ నుంచి రైళ్ళు మారి వచ్చిన పెద్దలకు, మన రేవు మిత్రులకు, నా మాటలు మొదలు కాకముందే వెనక బల్ల మీద హెర్రింగ్ చేపల పళ్ళెం ఖాళీ చేస్తున్న మా ఏస్కిల్‌కు, చివరగా ఎవరి కోసం ఇవాళ మనమంతా ఉతికిన చొక్కాలు వేసుకుని వచ్చామో ఆ తోర్కిల్ గారికి నా వందనాలు.

తోర్కిల్ గారు అని నేను అనడం ఆయన కూడా ఇదే మొదటిసారి వింటున్నారు. ఇన్నేళ్ళలో ఆయన్ని చాలా మాటలన్నాను కానీ గారు మాత్రం ఎప్పుడూ అనలేదు. నిన్న ఆయన భార్య ఇంగెలీసె గారు ఫోన్ చేసి మరీ చెప్పారు, "బోదిల్, ఆ ఒక్క గంటా కాస్త మర్యాదగా మాట్లాడమ్మా, వాళ్ళ ఆఫీసు పెద్దలంతా వస్తున్నారు" అని. ప్రయత్నిస్తున్నాను. ఎంతసేపు నిలుస్తుందో చెప్పలేను. (నవ్వులు)

నా తర్వాత ఏస్కిల్ స్వయంగా రాసిన పాట ఉంది. కాగితాలు మీ కుర్చీల మీద పెట్టారు, వెనక వైపు కూడా తిప్పి చూడండి, అక్కడా చరణాలున్నాయి. అందుకని నేను ఎంత సాగదీస్తే మీకు అంత మేలు చేసినట్టు లెక్క.

బయటి నుంచి వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. నేను తెర్నెన్ అనే కొలత పడవకు సరంగును. ఏస్కిల్ దాని ఇంజను చూస్తాడు. ఈ దీవుల మధ్య తిరుగుతూ, నీళ్ళలోకి శబ్దం పంపి, అది అడుగుకు తగిలి ఎంతసేపటికి తిరిగొస్తుందో చూసి లోతు రాసుకురావడం మా పని. తోర్కిల్ గారి పనీ లోతు తెలుసుకోవడమే. కాకపోతే మేము నీళ్ళ మీద కూర్చుని కొలుస్తాం, ఆయన మూడో అంతస్తులో కూర్చుని, ఉపగ్రహం ఆకాశం నుంచి తీసిన బొమ్మలు చూసి కొలుస్తారు. ఎందుకలాగ అంటే శాస్త్రీయమైన కారణాలు ఆయన వ్యాసాల్లో ఉన్నాయి. అసలు కారణం నేను చెబుతాను.

తోర్కిల్ గారిని ఈ కార్యాలయం ఉద్యోగంలోకి తీసుకున్నది పడవ మీద లోతులు కొలవడానికే. మొదటి రోజు ఉదయం కొత్త రబ్బరు బూట్లు, కొత్త నూనెగుడ్డ కోటు వేసుకుని, పెళ్ళికొడుకులాగా రేవుకొచ్చారు. గాలి లేదు, అల లేదు, నీళ్ళు అద్దంలా ఉన్నాయి. పడవలోకి దిగి నిలబడ్డారు. కాసేపటికి మొహం పాలిపోయింది.

"తాడు విప్పేశారా?" అని అడిగారు.

"ఇంకా లేదు" అన్నాను.

"మరి నాకిప్పుడే ఎందుకిలా ఉంది?" అన్నారు, జవాబు కోసం ఆగకుండా పక్కకి వంగారు. (నవ్వులు. తోర్కిల్ గారు లేచి చేత్తో కాదని సైగ చేస్తున్నారు.)

కాదంటున్నారు. తాడు విప్పామట. ఏస్కిల్, విప్పామా? లేదంటున్నాడు. సాక్షి ఉన్నాడు తోర్కిల్ గారూ, కూర్చోండి.

ఆ వేసవంతా మాతోనే తిరిగారు, అది ఆయన పట్టుదల. అల్లం నమిలారు, ఎండు రై రొట్టె తిన్నారు, మణికట్టుకు ఏవో పట్టీలు కట్టారు, ఎవరో చెప్పారని దూరంగా ఉన్న చర్చి గోపురం వైపు కన్నార్పకుండా చూస్తూ నిలబడ్డారు. ఏదీ పనిచేయలేదు. ఏస్కిల్ జాలిపడి ఒక బకెట్ మీద ఆయన పేరు అందంగా రంగుతో రాసి ఇచ్చాడు. ఆకురాలే కాలం వచ్చేసరికి ఇక ఇలా కుదరదని పైవాళ్ళు ఆయన్ని మూడో అంతస్తుకు మార్చారు. బరువు తగ్గిపోయి, చేతిలో బకెట్‌తో మెట్లెక్కి వెళ్ళిన ఆ మనిషిని చూసి, సముద్రానికి ఇక ఈయనతో పని లేదనుకున్నాను.

చలికాలం చివర్లో ఒకరోజు చేతిలో బొమ్మ పట్టుకుని రేవుకు పరిగెత్తుకుంటూ వచ్చారు. పడవలోకి రాలేదు, గట్టు మీదే నిలబడ్డారు.

"బోదిల్, ఇటు చూడు. నీళ్ళ రంగు మారుతోంది" అన్నారు.

"సముద్రం రంగు మారుతుందని నాకు చెప్పడానికి వచ్చావా?" అన్నాను.

"అది కాదు, విను. వెలుగు నీళ్ళలోకి దిగుతుందా? ముందు ఎరుపు ఆరిపోతుంది. తర్వాత ఆకుపచ్చ. నీలం అన్నిటికన్నా లోతుకు పోతుంది. అడుగును తాకి పైకొచ్చిన వెలుగులో ఏ రంగు ఎంత మిగిలిందో చూస్తే, అది ఎంత లోతుకు పోయొచ్చిందో చెప్పొచ్చు. ఉపగ్రహం అక్కణ్ణుంచి చూస్తోంది. మనం వెళ్ళక్కర్లేదు."

"అడుగు కనపడాలి కదా?"

"కనపడినంత మేరకే. ఇక్కడంతా లోతు తక్కువేగా."

"మబ్బు పడితే?"

"మబ్బు లేని రోజు చూసుకోవాలి."

"ఇది డెన్మార్క్, తోర్కిల్" అన్నాను. (నవ్వులు)

నవ్వాను కానీ ఆయన చెప్పింది నిజం. మా పడవ వెళ్ళలేని చోట్లు ఈ దీవుల చుట్టూ బోలెడు. నీళ్ళు పలచబడేకొద్దీ పడవ అడుగు గీసుకుంటుంది, వెనక్కి రావాలి. సరిగ్గా మేము వెనక్కి తిరిగే చోటే ఆయన మొదలయ్యేవారు. కాకపోతే ఉత్త రంగు చూసి లోతు ఎంతో తేల్చడం కుదరదు. ఈ రంగుకు ఇంత లోతు అని ముందు ఎవరో కొలిచి చెప్పాలి, అది మేము. అలా ప్రతి సోమవారం గట్టు మీద నిలబడి మా అంకెలు పట్టుకెళ్ళడం, ప్రతి శుక్రవారం తన పటం తెచ్చి చూపించడం, నేను అందులో తప్పులు పట్టడం, ఆయన కాఫీ తాగకుండా వెళ్ళిపోవడం, మళ్ళీ సోమవారం రావడం, ఇదే మా జీవితం అయిపోయింది.

హంసల సంగతి చెప్పకుండా ముందుకు పోతే ఏస్కిల్ ఊరుకోడు. ఒక జులైలో తోర్కిల్ గారు ఎర్రో దీవికి ఉత్తరాన కొత్తగా ఇసుక తిన్నె లేచిందని కనిపెట్టారు. పాత బొమ్మలో లేదు, కొత్త బొమ్మలో తెల్లగా మెరుస్తోంది. పడవలకు హెచ్చరిక పంపాలని కిందా మీదా పడుతున్నారు. మరుసటి వారం ఇంకో బొమ్మ వచ్చింది. తిన్నె దీవికి దక్షిణానికి వెళ్ళిపోయింది. ఇసుక ఇంత వేగంగా కదలడం ప్రపంచంలోనే మొదటిసారి అని వ్యాసం మొదలుపెట్టారు. మమ్మల్ని చూసి రమ్మన్నారు. వెళ్ళాం. ఈకలు రాలి, ఎగరలేక, గుంపుగా నీళ్ళ మీద కూర్చున్న వందల హంసలు మా మీదికి బుసకొడుతూ వచ్చాయి. ఫోన్ చేసి, "నీ ఇసుక తిన్నె ఏస్కిల్‌ను కరిచింది" అని చెప్పాను. (నవ్వులు, చప్పట్లు)

ఆ వ్యాసం ఎక్కడా అచ్చు కాలేదు.

ఇక వీబెకె గారూ, మీరు వచ్చే చోటికి వచ్చాను. చెప్పనా, వద్దా? చెప్పమంటున్నారు. సభలో మీరంతా విన్నారు కదా, రేపు ఆవిడ నన్ను పిలిచి అడిగితే నా వైపు ఉండాలి.

వీబెకె గారు డైరెక్టరుగా వచ్చిన కొత్తలో ఖర్చు తగ్గించమని పై నుంచి ఒత్తిడి. ఆ పాటికి తోర్కిల్ గారి పటాలకు మంచి పేరొచ్చింది, పక్క దేశాల వాళ్ళు కూడా వచ్చి చూసి వెళ్తున్నారు. ఈ మందిరంలోనే మీటింగ్ జరిగింది. వీబెకె గారు తెర మీద ఆయన పటం చూస్తూ చాలాసేపు మెచ్చుకున్నారు. తర్వాత మామూలు గొంతుతోనే అడిగారు, "ఇంత బాగా పైనుంచే కనపడుతుంటే మనకు ఆ పడవ దేనికి? అమ్మేస్తే సరిపోదా?"

నేను తోర్కిల్ గారి వైపు చూశాను. ఆయన తన బూట్ల వైపు చూసుకుంటున్నారు. ఆ రోజు నాకు ఎలా ఉందో ఇవాళ దాచి లాభం లేదు. నేను పదిహేడేళ్ళప్పుడు మా నాన్న వెంట పడవెక్కినదాన్ని, ఒడ్డు మీద చేసే పని ఒక్కటీ రాదు. పడవ పోతే ఏస్కిల్ ఏ గ్యారేజీలోనో కార్లు బాగుచేసుకుంటాడు, నేనేం చేస్తాను? పైగా నన్ను ఇంటికి పంపేది ఎవరు? బకెట్ పట్టుకుని నా కళ్ళముందు మెట్లెక్కి వెళ్ళిన మనిషి. ఆ పటంలో సగం అంకెలు మావి. ఒక్క మాట అనొచ్చు కదా అనిపించింది.

ఆయన చివరికి తలెత్తి, "అమ్మేముందు మీరు ఒకసారి పటం పట్టుకుని నీళ్ళ మీదికి వస్తే బాగుంటుంది. నేనూ వస్తాను" అన్నారు.

మందిరంలో అందరూ ఆయన వైపు తిరిగారు. తోర్కిల్ పడవ ఎక్కుతాడా అని. నాకు మాత్రం ఒళ్ళు మండింది. నా పడవలోనే కూర్చుని నా పడవ అక్కర్లేదని చూపిస్తాడు కాబోలు అనుకున్నాను.

మే నెలలో ఎండ కాసే రోజు చూసి బయల్దేరాం. వీబెకె గారు మంచి లేత రంగు ప్యాంటు, తోలు బూట్లు వేసుకొచ్చారు. తోర్కిల్ గారు పాత బకెట్ పట్టుకొచ్చారు. తాడు విప్పాం, ఈసారి నిజంగానే విప్పాం, రేవు దాటేలోపే ఆయన బకెట్‌లోకి వంగారు. మధ్యలో తలెత్తి నా చేతికి ఒక పటం ఇచ్చారు. "ఇవాళ దీని ప్రకారమే పోనియ్యి. నీ లోతు కొలిచే యంత్రం ఆపెయ్యి" అన్నారు.

పటం చూశాను. రోజూ చూసే పటం కాదు. స్కారో దీవికి దక్షిణాన ముదురు నీలంలో చక్కటి దారి ఉంది, నాలుగు మీటర్లు అని రాసుంది. అక్కడ దారేమీ లేదు. సముద్రపు గడ్డి ఉంది, దట్టంగా, నల్లగా, గాలికి ఊగే చేనులాగా. గడ్డి వెలుగును మింగేస్తుంది. పైకి ఏమీ రాదు. ఏమీ రాకపోతే ఉపగ్రహం అక్కడ బాగా లోతుందనుకుంటుంది. మామూలుగా అయితే మేము వెళ్ళి చూసొచ్చి, ఇది లోతు కాదు గడ్డి అని చెబుతాం, ఆయన దిద్దుకుంటారు.

ఆయన పక్కకు వంగి నెమ్మదిగా అన్నాను, "ఇది గడ్డి తోర్కిల్."

"నాకు తెలుసు."

"మరి పటంలో..."

"మీరు వెళ్ళి చూసొచ్చి చెప్పిన దిద్దుబాట్లన్నీ తీసేసి చేసిన పటం ఇది. పడవ అమ్మేశాక వచ్చే ఏడు మనకు మిగిలేది ఇదే. పోనియ్యి" అన్నారు, మళ్ళీ బకెట్‌లోకి వెళ్ళిపోయారు.

అప్పుడు చూశాను ఆయన్ని. చెమటతో తడిసిపోయిన ఆ మనిషి, పేరు తెచ్చిన తన పటాన్ని తనే తీసుకెళ్ళి డైరెక్టరు కళ్ళముందు నేలకు కొట్టబోతున్నాడు. డైరెక్టరు గారు కోపమొచ్చి, ఈ ఉపగ్రహం గొడవే వద్దు, మూడో అంతస్తు మూసెయ్యండి అంటే? అనొచ్చు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. చుక్కాని తిప్పాను. వేగం బాగా తగ్గించాను, అంతకన్నా నేను చేయగలిగింది లేదు.

"ఇప్పుడు ఎక్కడున్నాం?" అని వీబెకె గారు అడిగారు.

"నాలుగు మీటర్ల లోతులో అండీ" అన్నాను.

మెత్తగా ఆగింది పడవ. పరుపు మీద కూర్చున్నట్టు. ఏస్కిల్ ఇంజను గదిలోంచి తల బయటపెట్టి, "వచ్చేశామా?" అన్నాడు. (నవ్వులు)

వీబెకె గారు అటూ ఇటూ చూశారు. పటం చూశారు. నన్ను చూశారు, బకెట్‌ను చూశారు. తర్వాత ఆవిడ చేసిన పని నేను చచ్చేదాకా మర్చిపోను. తోలు బూట్లు విప్పి పక్కన జాగ్రత్తగా పెట్టి, నిచ్చెన పట్టుకుని నీళ్ళలోకి దిగారు. నడుము దాకా వచ్చాయి. గడ్డి మధ్యలో నిటారుగా నిలబడి, చేతిలో పటం తడవకుండా పైకెత్తి పట్టుకుని అన్నారు, "తోర్కిల్, మీ పటం ప్రకారం నేను మునిగిపోయి ఉండాలి."

"అవునండీ" అన్నారు ఈయన.

"అయితే ఈ పటాలు దండగేనా?"

ఆ ప్రశ్న కోసమే తోర్కిల్ గారు భయపడుతూ వచ్చారనుకుంటాను. జవాబు చెప్పడానికి పడవ అంచు దాటి ఆయనా నీళ్ళలోకి దిగారు, బట్టలతోనే. దిగిన మరుక్షణం మొహంలోకి రంగొచ్చింది. కాలికింద నేల ఉంది కదా. సముద్రం మధ్యలో ఆయన హాయిగా ఉండటం నేను చూసింది ఆ ఒక్కరోజే, అదీ సముద్రం అడుగున నిలబడి. (నవ్వులు)

"గడ్డి దాటి అటు రండి" అని ఆవిడ్ని పిలిచి, నా దగ్గర కొలత గెడ అడిగారు. గడ్డి అవతల తెల్లటి ఇసుక. పడవ అక్కడికి జన్మలో పోలేదు. ఒక్కో చోట ఆగి, పటంలో ఏముందో ముందు చదివి, గెడ ముంచమని వీబెకె గారికే ఇచ్చారు. జానెడు కూడా తేడా రాలేదు. ఇద్దరూ గెడ ముంచుకుంటూ, వాదించుకుంటూ, తీరం వెంట నత్తగుల్లలు ఏరుకునే పిల్లల్లాగా చాలా దూరం పోయారు. ఏస్కిల్ లంగరు దూరంగా వేసి దాన్ని పట్టుకుని పడవను వెనక్కి లాగే పనిలో ఉన్నాడు. మధ్యలో కాఫీ కాచాడు. నీళ్ళలో నిలబడే తాగారు ఇద్దరూ, దాల్చినచెక్క బన్ను నంజుకుంటూ. అప్పుడు తీసిన ఫోటో మన భోజనాల గదిలో ఉంది. ఇప్పుడది రెండోది, మొదటిది వీబెకె గారు తీసుకెళ్ళి తన గదిలో పెట్టుకున్నారు.

తిరిగొచ్చేటప్పుడు ఆవిడ తడి ప్యాంటుతోనే, పైన నా పాత స్వెట్టరు వేసుకుని కూర్చున్నారు. రేవు దగ్గరపడ్డాక, "ఇసుక ఉన్నచోట ఆయన, గడ్డి ఉన్నచోట మీరు" అన్నారు. "ఇద్దరి పేరు మీదా ఒకటే పద్దు రాస్తాను. పైవాళ్ళు అడిగితే వాళ్ళనీ తీసుకొద్దాం, ఆ పటం పారేయకండి." పడవ అమ్మకం మాట మళ్ళీ ఎప్పుడూ వినపడలేదు. వీబెకె గారూ, ఆ రోజు మీకు ఎలా ధన్యవాదాలు చెప్పాలో తెలియక మీ బూట్లలో నీళ్ళు పోలేదని మాత్రం చెప్పాను. ఇవాళ అందరి ముందూ చెబుతున్నాను. (చప్పట్లు)

ఇదంతా జరిగి చాలాకాలమైంది. తోర్కిల్ గారు ఎందుకలా చేశారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మళ్ళీ సోమవారం వచ్చి గట్టు మీద నిలబడ్డారు, మళ్ళీ శుక్రవారం పోట్లాడుకున్నాం. మనవైపు ఇలాంటివి అడిగే అలవాటు లేదు. అడిగితే అవతలివాళ్ళు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వాతావరణం గురించి మాట్లాడతారు.

మొన్న మంగళవారం ఆయన గది సర్దుతుంటే సాయానికి వెళ్ళాను. పెట్టెలన్నీ కట్టాక ఎందుకో అడిగేశాను. "ఆ రోజు నీ పటాన్ని నువ్వే ఎందుకు పాడుచేసుకున్నావు? ఊరుకుని ఉంటే నీకు ఇంకో నలుగురు మనుషుల్ని ఇచ్చేవాళ్ళు కదా" అన్నాను.

ముందు వాతావరణం గురించి మాట్లాడారు. గాలి పడమటికి తిరిగిందన్నారు. తర్వాత పెట్టెకు అంటిస్తున్న టేపును అలాగే పట్టుకుని అన్నారు, "నా కింద పనిచేసేవాళ్ళు నలుగురొస్తే నాలుగు నోళ్ళూ బాగుందనే అంటాయి. తప్పని చెప్పడానికి నువ్వు కాక ఇంకెవరున్నారు నాకు?"

(కాగితం మడిచి జేబులో పెట్టుకుని) రాసుకొచ్చింది ఇంతవరకే.

ఇంగెలీసె గారూ, మీకు మాటిచ్చిన మర్యాద ఇక్కడితో అయిపోయింది, క్షమించండి.

తోర్కిల్, ఇన్నేళ్ళూ నువ్వు తెచ్చిన ప్రతి పటంలోనూ తప్పు వెతికాను. దొరకని రోజు కూడా ఏదో ఒకటి అన్నాను, లేకపోతే నువ్వు తొందరగా వెళ్ళిపోతావని. వచ్చే శుక్రవారం మూడో అంతస్తు నుంచి వేరే ఎవరో వస్తారు. మంచివాళ్ళే అయి ఉంటారు, వాళ్ళతోనూ పోట్లాడతాను. కానీ మధ్యాహ్నం మూడింటికి నేను గట్టు వైపు చూస్తానని నీకు తెలుసు. వస్తే కాఫీ ఉంటుంది. పటం లేకపోయినా ఫర్వాలేదు, ఏదో ఒక విషయంలో నీదే తప్పని నేను చూపిస్తాను.

ఓపిగ్గా విన్నందుకు మీ అందరికీ, పిలిచి మాట్లాడనిచ్చినందుకు వీబెకె గారికి, ఈ మనిషిని తడి బట్టలతో ఇంటికొచ్చిన ప్రతిసారీ ఏమీ అనకుండా లోపలికి రానిచ్చినందుకు ఇంగెలీసె గారికి నా ధన్యవాదాలు. ఏస్కిల్, ఇక నీ పాట మొదలుపెట్టు, మేము సిద్ధంగా ఉన్నాం. నాకు సెలవు.